తప్పంతా నోటిదేనా చెల్లాయ్?

చెల్లాయ్, షుగరు బయటపడిన దగ్గర్నుంచీ ఇంటిల్లిపాదీ నిన్ను ఒకటే మాట అంటున్నారన్నావు కదూ. "నోరు కట్టుకుని ఉంటే ఇంతదాకా వచ్చేదా?" అత్తగారిదీ అదే మాట, ఆడపడుచుదీ అదే మాట. డాక్టరు గారు కాస్త మర్యాదగా చెప్పారు గానీ సారం మాత్రం అదే. అన్నం తగ్గించాలి, కూరలు ఎక్కువ తినాలి, రోజూ ముప్పావుగంట నడవాలి, మనసులో ఏమీ పెట్టుకోకూడదు. ఆ చీటీ చేత్తో పట్టుకుని బస్సులో ఏడ్చానన్నావు. ఏడిస్తే ఏడ్చావులే. కానీ ఆ మాట నాకు మింగుడు పడటం లేదు. తప్పంతా నీ నోటిదే అయితే, మీ వీధిలో నలభై దాటిన ఇంతమందికి బీపీలూ షుగర్లూ ఎలా వచ్చాయే? అందరూ కూడబలుక్కుని ఒకేసారి నోళ్ళు తెరిచారా?

మీ నగరం అంటే మిగతా చెల్లెళ్ళు ఏ విజయవాడో అనుకుంటారేమో. బాపట్ల జిల్లాలో, రేపల్లెకు దగ్గర్లో ఉన్న మండల కేంద్రం పేరే అది. కృష్ణా డెల్టాకు చివరి భూములు. కాలువ నీళ్ళు పైవాళ్ళు వాడుకోగా మిగిలితే వస్తాయి, మురుగు మాత్రం అడక్కుండానే వస్తుంది. ఊరు ఉన్న చోటు పంట మీద ఎంత ప్రభావం చూపిస్తుందో మన నాన్నలకు ఎవరూ చెప్పక్కర్లేదు. అదే ఊరు, అందులోనూ ఫలానా వీధి, మన గుండె మీదా రక్తంలో చక్కెర మీదా కూడా చెయ్యి వేస్తుందని చెబితే మాత్రం వింతగా చూస్తారు.

ముందు ఒక ఉప్మా సంగతి చెబుతా, విను.

1987లో హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో అంగన్‌వాడీలు ఇంకా అన్ని ఊళ్ళకూ రాలేదు. ఒక ఊళ్ళో ఉంటుంది, పక్క ఊళ్ళో ఉండదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు దీన్నే అవకాశంగా తీసుకున్నారు. అంగన్‌వాడీ వచ్చిన 15 ఊళ్ళలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళకూ ఆరేళ్ళలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపి, సోయా నూనెతో చేసిన ఉప్మా రోజూ పెట్టారు. ఇంకా అంగన్‌వాడీ రాని 14 ఊళ్ళలో పెట్టడానికి ఏమీ లేదు. పుట్టే బిడ్డల బరువు చూడటమే అప్పటి వాళ్ళ ఉద్దేశం. 1990కి ఆ పని అయిపోయింది.

మామూలుగా అయితే ఆ సంగతి అక్కడితో అటకెక్కేదే. కానీ చాలా ఏళ్ళ తర్వాత బ్రిటన్ నుంచి డాక్టర్ సంజయ్ కిన్రా బృందం, మన పోషకాహార సంస్థ వాళ్ళు కలిసి ఆ పిల్లల్ని వెతుక్కుంటూ మళ్ళీ ఆ ఊళ్ళకే వెళ్ళారు. అప్పటికి వాళ్ళు 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళు. 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా పెట్టిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. అది సరే. అసలు విశేషం రక్తంలో కనబడింది. ఇన్సులిన్ చెప్పిన మాట శరీరం వినకపోవడం అనే గుణం ఉందే, షుగరుకు మొదటి మెట్టు, అది ఈ పిల్లల్లో 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసు కూడా వీళ్ళలో తక్కువే. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది ఈ సంగతి.

ఇప్పుడు చెప్పు. ఆ పిల్లల్లో ఎవరు నోరు కట్టుకున్నారు? ఎవరు కట్టుకోలేదు? వాళ్ళ అమ్మ పొలిమేరకు ఇవతల కాపురం ఉందా, అవతల ఉందా, అంతే తేడా. పిన్ని నిన్ను కడుపుతో ఉండి ఏడో నెలదాకా నాట్లకు వెళ్ళేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మధ్యాహ్నం గట్టు మీద గంజీ, ఉల్లిపాయా. కడుపులో ఉన్నప్పుడు తిండి చాలని బిడ్డ శరీరం ఉన్నదాన్నే పొదుపుగా దాచుకోవడం నేర్చుకుంటుందనీ, పెద్దయ్యాక తిండి దొరికినా ఆ అలవాటు మానదనీ ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు ఎప్పుడో వాదించాడు. మొదట నవ్వినవాళ్ళు నవ్వారు. తర్వాత చాలామంది ఒప్పుకున్నారు. అంటే నీ షుగరుకు పునాది నువ్వు పుట్టకముందే, నీ ప్రమేయం లేకుండానే పడి ఉండొచ్చు. ఇది నీ అత్తగారికి చెబితే ఇప్పుడు పిన్నిని అంటుందేమో, జాగ్రత్త. పిన్ని తప్పు కూడా కాదు. ఆ ఏడు కూలి అంతే.

అమెరికాలో ఇంకా చిత్రమైన పని చేశారు. 1994 నుంచి 1998 దాకా న్యూయార్క్, షికాగో లాంటి అయిదు నగరాల్లో, పేదరికం పేరుకుపోయిన ప్రభుత్వ ఇళ్ళల్లో ఉండే కుటుంబాలకు చీటీలు వేశారు. చీటీ తగిలిన కొందరికి కాస్త బాగున్న పేటలో అద్దె ఇంటికి మారేందుకు సాయం. తగలనివాళ్ళు ఉన్నచోటే. పదీ పదిహేనేళ్ళ తర్వాత ఆ తల్లుల్ని చూస్తే, పేట మారే చీటీ తగిలినవాళ్ళలో విపరీతమైన ఊబకాయమూ, షుగరూ 100కు నలుగురి చొప్పున తక్కువ. వాళ్ళ సంపాదన పెరిగిందా అంటే, లేదు. ఉద్యోగాల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. చిరునామా మారింది, అంతే. 2011లో ఈ ఫలితం వచ్చినప్పుడు నేను రెండుసార్లు చదువుకున్నాను. పేదరికం ఒక్కటే కాదు, పేదరికం గూడుకట్టుకున్న చోటు కూడా విడిగా పని చేస్తుందన్నమాట.

సరే, మనకు చీటీ వేసి ఊరు మార్చేవాళ్ళు ఎవరూ రారు. డాక్టరు గారి చీటీ పట్టుకుని మీ వీధిలోకే వెళదాం.

కూరలు ఎక్కువ తినమన్నారు. మీ కాలనీ చివర కిరాణా కొట్టులో ఏముంటాయో నాకు తెలుసు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, పామాయిల్ ప్యాకెట్లు, దండలా వేలాడే అయిదు రూపాయల చిప్స్. ఆకుకూర ఉండదు, ఉంచితే సాయంత్రానికి వాడిపోతుందని ఆవిడ తెప్పించదు. ఆవిణ్ణీ అనలేం. కొల్లూరు లంకల్లో, భట్టిప్రోలు వైపు పండిన కూరగాయలు తెల్లారేసరికి తెనాలికీ విజయవాడకూ వెళ్ళిపోతాయి. తెనాలి మార్కెట్టు నుంచి నిమ్మకాయలు ఎక్కడెక్కడి రాష్ట్రాలకో వెళతాయి, మీ కాలనీకి మాత్రం రావు. తోపుడు బండి అతను మెయిన్ రోడ్డు ఇళ్ళన్నీ తిరిగి మీ దగ్గరకు వచ్చేసరికి మిగిలేవి ముదిరిన బెండకాయలూ పుచ్చు వంకాయలూ. ధర మాత్రం తగ్గించడు.

మన దేశంతో సహా పేద దేశాల్లో ఒక మనిషి రోజుకు రెండు వంతులు పండ్లూ మూడు వంతులు కూరగాయలూ తినాలంటే ఎంతవుతుందో లెక్క కట్టారు. 18 దేశాల్లో చేసిన 'ప్యూర్' అధ్యయనం అది. 2016లో వచ్చిన లెక్క ప్రకారం ఇంట్లో తలా అంత తింటే ఆదాయంలో సగానికి పైగా, 52 శాతం దానికే పోతుంది. "కూరలు ఎక్కువ తినమ్మా" అనడం ఎంత తేలిక!

కూర లేనిచోట ఏం జరుగుతుందో నీకు తెలుసు. రేషను బియ్యం ఉంది, చవగ్గా కడుపు నింపుతుంది. కూర చాలదు కాబట్టి ఆవకాయ ముక్క, లేదా నిజాంపట్నం నుంచి వచ్చే ఎండు చేప. రెండూ ఉప్పే. ఉప్పుకు నోరు ఊరుతుంది, ఇంకో రెండు ముద్దలు లోపలికి వెళతాయి. ఒకే కంచంలో బీపీకీ షుగరుకూ రెండింటికీ మేత పడింది చూశావా. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే ఒక చెంచా. పచ్చడితో అన్నం తినే ఇంట్లో అది ఒక్క పూటలో అయిపోతుంది. మీ అత్తగారి బీపీ చూసి ఎన్నాళ్ళయిందసలు? నిన్ను అన్న నోటితోనే ఆవిడ రెండు పూటలా మాగాయ నంజుకుంటుంది కదా.

దొడ్లో నాలుగు పాదులు పెట్టుకోమని పత్రికల్లో మేమే రాస్తుంటాం. సెంటున్నర స్థలంలో ఇల్లు కట్టుకున్నవాళ్ళకు దొడ్డి ఎక్కడిది? బయట తొట్టి పెట్టినా మేకలు మేస్తాయి. ఒక్క మునగ చెట్టుకు చోటుంటే మాత్రం వదులుకోకు. కాలువ గట్టున పొన్నగంటి కూర, గంగవాయిలి కూర దొరికితే తెచ్చుకో, మురుగు కాలువ పక్కన మాత్రం కొయ్యకు. రబీలో మీ చుట్టూ మినుములూ పెసలూ పండుతాయి. పప్పు చిక్కగా చేసుకుని ముందు అదీ ఆకుకూరా తిను, అన్నం తర్వాత పెట్టుకో. అన్నం మానెయ్యమని నేను అనను, డెల్టాలో పుట్టినదాన్ని, ఆ మాట నాకే నోరు రాదు.

ఇక నడక. తెనాలిలో ఉండే వదిన పొద్దున్నే బూట్లు వేసుకుని పార్కుకు వెళ్ళి నలుగురితో నవ్వుకుంటూ నాలుగు చుట్లు తిరిగి వస్తుంది. నువ్వు ఎక్కడ నడుస్తావు? రేపల్లె వైపు రోడ్డు మీద ట్రాక్టర్లు, రొయ్యల మేత లారీలు. అంచున నడుద్దామంటే అంచే ఉండదు. కాలువ గట్టు మీద దీపాలు లేవు, కుక్కలున్నాయి. అవన్నీ దాటినా "పనీపాటా లేదు, షికారుకు బయల్దేరింది" అనే నోళ్ళు ఉండనే ఉన్నాయి. మగవాళ్ళు నడిస్తే ఆరోగ్యం, మనం నడిస్తే షికారు.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. మన అమ్మలు వ్యాయామం అనే మాటే వినలేదు, వాళ్ళకు నాట్లూ కలుపులూ కోతలూ ఉండేవి. ఇప్పుడు చాలాచోట్ల వరి వెదజల్లేస్తున్నారు, నాట్లు లేవు. కోతకు మిషను వస్తుంది, ఎకరం గంటలో అయిపోతుంది. నడుము విరిగే పని పోయిందంటే నాకు సంతోషమే, ఆ పని ఎవరికీ రావాలని కోరుకోను. కానీ పనితో పాటు కూలీ పోయింది, ఒంటికి కదలికా పోయింది, వాటి బదులు ఊళ్ళో వేరే ఏమీ రాలేదు. కంచంలో అన్నం మాత్రం నాట్ల రోజుల నాటి కొలతే.

షుగరంటే కూర్చుని తినేవాళ్ళ జబ్బని మన పెద్దవాళ్ళు అనేవారు. అది ఎప్పుడో మారింది. గోదావరి డెల్టా మనకు అక్కచెల్లెలి లాంటిదేగా, అక్కడ 20 పల్లెల్లో పరీక్షలు చేస్తే 30 ఏళ్ళు దాటినవాళ్ళలో 13 శాతం మందికి షుగరుందని 2006లోనే తేలింది. ఆ గోదావరి జిల్లాల్లోనే 45 పల్లెల్లో ఏడాదిపాటు ఎవరు ఎందుకు పోయారో ఇల్లిల్లూ తిరిగి రాశారు, 2003–04 ప్రాంతంలో. ప్రతి మూడు చావుల్లో దాదాపు ఒకటి గుండె, రక్తనాళాల జబ్బుతోనే. పట్నాల సంగతీ అంతే. చండీగఢ్‌లోనూ, తమిళనాడు, మహారాష్ట్రల పట్టణాల్లోనూ ఉన్నవాళ్ళకంటే లేనివాళ్ళలోనే షుగరు ఎక్కువైందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2017లో చెప్పింది. జబ్బు మేడలు దిగి కాలనీల్లోకి వచ్చేసింది. మన రాష్ట్రంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో చూస్తే ప్రతి నలుగురు ఆడవాళ్ళలో ఒకరికి బీపీ ఎక్కువో, మాత్రలు వాడటమో. దాదాపు అయిదుగురిలో ఒకరికి చక్కెరదీ అదే పరిస్థితి. కాబట్టి బస్సులో నీ పక్క సీట్లో కూర్చున్నావిడ సంచీలోనూ అదే చీటీ ఉండి ఉండొచ్చు.

పొగ సంగతి కూడా చెప్పాలి. మళ్ళీ ఆ హైదరాబాద్ పల్లెల దగ్గరకే వెళ్ళాలి, ఆ ఊళ్ళవాళ్ళు పాపం ఎన్ని పరీక్షలకు ఓర్చుకున్నారో! 28 ఊళ్ళలో గాలిలోని సన్నటి ధూళి ఎంతో లెక్కగట్టి, మెడలోంచి మెదడుకు వెళ్ళే రక్తనాళం గోడ ఎంత మందంగా ఉందో స్కానింగులో చూశారు. ధూళి ఎక్కువైన కొద్దీ గోడ మందం పెరిగింది. పొగ బయటకు పోయే దారిలేని వంటింట్లో కట్టెలతో వండే ఆడవాళ్ళలోనూ ఆ తేడా కనబడింది. నీకు గ్యాసుందిలే గానీ, సిలిండరు పొదుపని నీళ్ళు కాచడం, పిండివంటలు ఇంకా కట్టెల పొయ్యి మీదే కదా. పొయ్యిని ఆరుబయటికి మార్చు, అప్పచ్చులు నాలుగు తక్కువైనా పర్వాలేదు.

తాగే నీళ్ళ మీద కూడా ఒక కన్నెయ్యి. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పనవుతాయి, అందుకే కాలువ నీళ్ళు చెరువుల్లో నింపుకుని వేసవి గట్టెక్కుతాం. బంగ్లాదేశ్ తీరంలో దాకోప్ అనే చోట వేసవిలో తాగే నీళ్ళ నుంచే మనిషికి రోజుకు 5 నుంచి 16 గ్రాముల సోడియం వెళుతోందని 2011లో అంచనా వేశారు. రెండు గ్రాములు మించకూడదు అది. ఆ నీళ్ళు తాగిన గర్భిణుల్లో బీపీ, గుర్రపువాతం ఎక్కువ కనబడ్డాయి. తర్వాత ఆ తీరంలోనే మరో బృందం చూస్తే, కొద్దిగా ఉప్పనైన నీళ్ళు తాగేవాళ్ళలో బీపీ కాస్త తక్కువే ఉంది. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం మేలు చేసి ఉంటాయన్నారు. చూశావా, సైన్సు కూడా మన అత్తగార్లలా ఒక్క మాట మీద నిలబడదు. దాకోప్ నీళ్ళూ మన నీళ్ళూ ఒకటి కాదు గానీ, మీ కాలనీ కుళాయి నీళ్ళకు పరీక్ష చేయించి ఆ కాగితం బోర్డు మీద అంటించమని పంచాయతీని అడగడం నీ హక్కు. అది అత్యాశేం కాదు.

మనసులో ఏమీ పెట్టుకోవద్దన్నారు, అదొకటి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది. సొంత పొలమున్నవాళ్ళకే ఏడుపు, ఇక కౌలుకు చేసేవాళ్ళ సంగతి చెప్పేదేముంది? పంట పోయినా కౌలు బస్తాలు పోవు, పట్టా చేతిలో లేకపోతే పరిహారం కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కాలో మరిదిని అడుగు. ఆ తర్వాత వారానికోసారి అప్పు వాయిదా. రాత్రి నిద్ర పట్టదు. పట్టినప్పుడు దోమలు. ఇది ఒక్క మనసుకు సంబంధించిన సంగతి అయితే ఏ గుడికో వెళ్ళి వచ్చేదానివి. భయమూ దిగులూ నెలల తరబడి ఉంటే కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. అది కాలేయంలోని చక్కెరను రక్తంలోకి వదిలిస్తుంది, బీపీ పెంచుతుంది, కొవ్వును నడుము చుట్టూ చేరుస్తుంది. వాయిదా రోజున నీ షుగరు ఎంతుందో ఒకసారి చూపించుకో, నీకే తెలుస్తుంది.

ఇదంతా విని "అయితే నా చేతుల్లో ఏమీ లేదన్నమాట" అని మాత్రలు మానేశావో, నేనే బస్సెక్కి వస్తా. నీ చేతుల్లో ఉన్నది కొంచెమే, ఆ కొంచెం మాత్రం గట్టిగా పట్టుకో. మిగతాది ఊరి చేతుల్లో ఉంది, అది అడగాలి. డ్వాక్రా గ్రూపులో పదిమంది ఉన్నారు కదా, అప్పు సంగతులు అయిపోయాక అయిదు నిమిషాలు దీనికి కేటాయించండి. పొద్దున అయిదున్నర నుంచి ఏడు దాకా బడి గ్రౌండు తాళం తీసి ఆడవాళ్ళ నడకకు వదలమనండి. గ్రామసభలో అడిగితే నవ్వుతారు, నవ్వనివ్వండి. పదిమంది కలిసి నడిస్తే దాన్ని షికారు అనే నోళ్ళు కూడా తగ్గుతాయి. కూరగాయల బండి అతనితో మాట్లాడి, వారానికి రెండు రోజులు ముందు మీ కాలనీకి రమ్మనండి, అందరూ ఆ గంటలోనే కొంటామని మాటివ్వండి. వ్యాపారం కదా, వస్తాడు.

మాత్రల దగ్గర ఒక జాగ్రత్త. 104 బండి వచ్చే రోజు నువ్వు పనికి వెళితే ఆ నెల మాత్రలు తప్పిపోతాయి. పక్కింటివాళ్ళకు చీటీ ఇచ్చి వెళ్ళు. రెండు వారాల మాత్రలు ఎప్పుడూ విడిగా దాచిపెట్టు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళు వదిలినప్పుడు కరకట్ట ఎక్కడ తెగుతుందోనని రేపల్లె వైపు ఊళ్ళు రాత్రిళ్ళు మేలుకున్నాయి కదా. అలాంటప్పుడు బట్టల మూట కంటే ముందు మాత్రల డబ్బా తీసుకోవాలి.

ఆశా అమ్మాయి ఇంటికొచ్చి బీపీ చూస్తే చాలదా అంటావేమో. ఆ అమ్మాయిలంటే నాకెంతో గౌరవం. కానీ మన రాష్ట్రంలోనే 54 పల్లెల్లో ఆశాలకు ట్యాబులిచ్చి, ప్రమాదం ఉన్నవాళ్ళను గుర్తించి డాక్టరు దగ్గరకు పంపించే ఏర్పాటు చేశారు. 2019లో ఫలితం చూస్తే బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ అమ్మాయిలు పని బాగానే చేశారు. పంపించిన చోట డాక్టరు ఉండాలి, మాత్ర ఉండాలి. లేకపోతే ఇంటికొచ్చి జబ్బుందని చెప్పి వెళ్ళడమే అవుతుంది.

అన్నిటికంటే నాకు బాధ కలిగించే లెక్క ఒకటి చివరికి దాచుకున్నాను. మన దేశంలో 50 నగరాల్లో 89 ఆసుపత్రులకు గుండెపోటుతో వచ్చిన 20 వేల మందికి పైగా రోగుల వివరాలు రాశారు, 'క్రియేట్' అని ఆ జాబితా పేరు, 2008లో లాన్సెట్‌లో వచ్చింది. పెద్ద గుండెపోటు వచ్చినవాళ్ళలో సగం మంది ఆసుపత్రికి చేరడానికి అయిదు గంటలో, అంతకంటే ఎక్కువో పట్టింది. నెల తిరిగేసరికి పేదవాళ్ళలో 8.2 శాతం మంది పోయారు, డబ్బున్నవాళ్ళలో 5.5 శాతం. ఎందుకీ తేడా అని తరచి చూస్తే, అందిన వైద్యంలో ఉన్న తేడాను లెక్కలోంచి తీసేయగానే చావుల్లో తేడా కూడా మాయమైంది. పేదవాళ్ళ గుండె ఏమీ బలహీనమైనది కాదు, దానికి మందు అందలేదు. 'ప్యూర్' వాళ్ళు కూడా 2014లో ఇలాంటిదే చెప్పారు. పేద దేశాల్లో బీపీ, కొవ్వు లాంటి ప్రమాదాలు తక్కువే, కానీ గుండెపోట్లతో చనిపోయేవాళ్ళు ఎక్కువ.

అయిదు గంటలు ఎలా అవుతాయో మీ నగరంలో కూర్చుని ఊహించడం కష్టమేమీ కాదు. అర్ధరాత్రి గుండె బరువెక్కుతుంది, చెమటలు పడతాయి. గ్యాసేమోనని సోడా తాగిస్తారు. గంట. తగ్గకపోతే ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి ఒక ఇంజెక్షను. ఇంకో గంట. బండి కోసం వెతుకులాట, రేపల్లె, అక్కడ్నుంచి తెనాలికో గుంటూరుకో పొమ్మంటే మళ్ళీ దారి. ఆడవాళ్ళకు ఇంకో ఆలస్యం కూడా ఉంది. మనకు చాలాసార్లు గుండె పట్టేసినట్టు ఉండదు, ఆయాసం, వాంతి, దవడలో లాగటం, విపరీతమైన నీరసం. "పొద్దున్నే చూద్దాంలే" అని మనమే పడుకుంటాం.

రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. మొదటి గంటల్లో ఎంత తొందరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది, 12 గంటలు దాటితే దాదాపు ప్రయోజనం ఉండదు. బయట దాని ఖరీదు నలభై వేల పైమాటే. 2023లో మన రాష్ట్రంలో పెద్ద గుండెపోట్ల కోసం స్టెమీ అనే కార్యక్రమం మొదలయ్యాక ప్రభుత్వ ఆసుపత్రుల్లో దాన్ని ఉచితంగా ఇస్తున్నారు. ఊళ్ళో ఆసుపత్రి ఈసీజీ తీసి పెద్దాసుపత్రి డాక్టరుకు పంపిస్తుంది, ఆయన సరేనంటే అక్కడే వేసేస్తారు. అందుకని ఈసారి మాత్రల కోసం రేపల్లె వెళ్ళినప్పుడు సిగ్గుపడకుండా రెండు సంగతులు అడిగి రా. రాత్రిపూట ఈసీజీ తీసేవాళ్ళు ఉంటారా? ఆ ఇంజెక్షన్ ఇక్కడ వేస్తారా, లేక తెనాలో బాపట్లో పోవాలా? తెలిసిన జవాబు మీ గ్రూపులో అందరికీ చెప్పు. 108 ఎలాగూ అందరికీ నోటికొచ్చు. అది రావడం ఆలస్యమైతే రాత్రి పన్నెండింటికి కూడా లేచి వచ్చే ఆటో అబ్బాయి ఎవరో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, డీజిలు డబ్బులు గ్రూపు పొదుపులోంచి ముందే ఇచ్చేయండి.